పచ్చగా ఉంటే చాలదు

మా అత్త పోయిందన్న సంగతి నాకు ముందుగా ఒక నీలం రంగు గులాబి చెప్పింది. పుంగనూరులో నా మ్యాచింగ్ సెంటర్ తెరిచి, ఊడ్చి, కూర్చుని ఫోన్ చేతిలోకి తీసుకుంటే మా వదిన పెట్టిన స్టేటస్ కనిపించింది. మెరుపులు రాలుతున్న నీలం గులాబి, దాని కింద జోడించిన చేతులు, "అమ్మా, నువ్వు మా గుండెల్లో ఉంటావు" అని రాత. అది చదువుతుండగానే ఫోన్ మోగింది. "అమ్మ పోయింది మే, తెల్లారుజామున" అని వదిన ఏడుస్తూ చెప్పింది. నాకు ఏడుపు తరువాత వచ్చింది. ముందు ఆ బొమ్మను తలచుకుని పళ్లు కొరుక్కున్నాను. రోజాల్లో నీలం లేదు. ఆ సంగతి మా అత్త ఇంటి గేటు దాటిన ప్రతివాడికీ చెప్పేది, అడిగినా అడక్కపోయినా. కన్నకూతురు ఆ ఒక్క ముక్క కూడా చెవిన వేసుకోలేదు.

ఆమె మా నాన్న చెల్లెలు, నాకు మేనత్త. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయే బస్సులో కండక్టరుగా చేసి రిటైరైంది. మిగిలిన కాలమంతా మదనపల్లెలో తన ఇంట్లో రోజా చెట్లతో పోట్లాడుతూ గడిపింది. మనుషులతో కూడా పోట్లాడేది గానీ అంత శ్రద్ధగా కాదు. ఈ నాలుగు మాటలు రాయమని నన్నెవరూ అడగలేదు. ఆమె గురించి జనం చెబుతున్న మంచి మాటలు వినలేక రాస్తున్నాను.

నేను మదనపల్లె చేరేసరికి ఇంటి ముందు షామియానా వేసేశారు. మా అత్తను పడుకోబెట్టిన చోట రోజాపూల దండలు గుట్టగా పడి ఉన్నాయి. అన్నీ ఒకటే ఎరుపు, ఒకటే సైజు, ఒక్కదానికీ వాసన లేదు. కొన్నిటికి తళుకు కాగితం కూడా చుట్టారు. ఆమెకు ప్రాణం ఉండి ఉంటే ఆ దండలు తెచ్చినవాళ్లను ఒక్కొక్కరినీ గేటు బయట వదిలి వచ్చేది. "వాసన ల్యాకుంటే దాన్ని పువ్వు అనగూడదు మే, ఎర్ర కాగితం అనాల" అనేది. బస్సులో ఎవరైనా అలాంటి పువ్వు తల్లో పెట్టుకుని ఎక్కితే, టికెట్టు చింపి చేతికిస్తూ ఆ మాట మొహం మీదే చెప్పేది. పెళ్లికి పోయేవాళ్లకు కూడా చెప్పేది.

పక్కింటామె ముక్కు చీదుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. "నోట్లో నాలుక ల్యాని మనిషి మా. ఒకరిని ఒక మాట అనింది ల్యా" అంది.

నేను ఆమె మొహంలోకి చూశాను. ఎగతాళి కాదు, నిజంగానే అంటోంది. మా అత్త ఈమెకు చెట్లు ఇచ్చింది, ఒకసారి కాదు. ఇచ్చిన ప్రతిసారీ ఈమె దాన్ని మేడమీద పెట్టి, మిట్టమధ్యాహ్నం నీళ్లు పోసి ఉడకబెట్టింది. చివరిసారి మా అత్త గోడ మీదుగా అన్న మాట వీధంతా వింది: "నీ చేతికి ప్లాస్టిక్కు పూలే సరి. గుడ్డ పెట్టి తుడిస్తే సాలు, సావవు." ఆ రోజు నుంచి వాళ్లిద్దరికీ మాటల్లేవు. ఇప్పుడు చూడబోతే మా అత్త నోట్లో నాలుకే లేదట!

వెనక వీధి పెద్దాయన ఇంకో అడుగు ముందుకేశాడు. "మహాతల్లి. పూజకు పూలు ల్యాకుండా నన్ను ఒక్క పొద్దూ పంపల్యా" అని కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. ఈయన పొద్దు పొడవకముందే కాంపౌండు గోడ మీదుగా కొక్కెం కట్టె పెట్టి, కొమ్మలు వంచి, పూలు కోసుకుపోయే భక్తుడు. లాగుడుకు కొమ్మ చీలిపోతే గుడ్డపీలిక కట్టి బాగుచేసేది మా అత్త. "దొంగ సొత్తు యాల తీసుకుంటాండావని నీ దేముడిని అడుగుపో" అని ఒక పొద్దున ఆయన్ను అందరి ముందూ నిలబెట్టింది. ఆ తరువాత ఆయన కట్టె పొడుగు పెంచాడు, అంతే.

ఛీ, ఏం మనుషులో! ఒక మనిషి పోయాక ఆమెను ఇంత చప్పగా చేసేయాలా? ఉప్పూ కారం తీసేసి పథ్యం కూడులాగా వడ్డించాలా? మా అత్త మంచిదే. కానీ వీళ్లు చెబుతున్న మంచి కాదు. తెలియని పని తెలిసినట్టు చేసేవాళ్లంటే ఆమెకు గిట్టదు. ఆ గిట్టకపోవడాన్ని ఆమె ఏనాడూ దాచుకోలేదు.

ఆమె తోట అంటే పెద్ద తోటేమీ కాదు. కాంపౌండు గోడకూ ఇంటి గోడకూ మధ్య, బస్సులో సీట్ల నడుమ దారికంటే కాస్త వెడల్పున్న మట్టి. అందులో ఒక వరుస రోజా చెట్లు. చూసేవాళ్లంతా చలికాలంలో వచ్చేవాళ్లు. పక్కనే ఉన్న అంగళ్లు అనే ఊరి కాలేజీ పిల్లలు, బంధువులు, బంధువుల బంధువులు వచ్చి, డిసెంబరు పూల పక్కన నిలబడి ఫోటోలు దిగి పోయేవాళ్లు. "మదనపల్లె సలికి కట్టె నాటినా పూస్తాది. శివరాత్రి పోయినాక రాండి, ఎవురి సెట్టు నిలస్తాదో సూద్దాం" అనేది మా అత్త. శివరాత్రి పోయాక ఎవరూ వచ్చేవాళ్లు కాదు. అప్పుడే ఆమె అసలు పని మొదలయ్యేది.

చలి పోయి, ఎండ ఇంకా ముదరని ఆ కొన్ని వారాలే రోజా చెట్టుకు పరీక్ష. చలికాలమంతా పూసి అలిసిపోయి ఉంటుంది. అయినా గాలి వెచ్చబడగానే మళ్లీ ఎర్రటి చిగుళ్లు వేస్తుంది. ముందు రాబోయే ఎండ సంగతి దానికి తెలియదు. మా అత్తకు తెలుసు. అప్పుడు ఆమె కత్తెర పట్టుకుంటే ఎండు పుల్లకూ, వాడిన పువ్వుకూ తప్ప దేనికీ తగిలించేది కాదు. పెద్ద కత్తిరింపు చలికి ముందే అయిపోవాలి, ఇప్పుడు బోడి చేస్తే కొమ్మలు ఎండకు మాడిపోతాయి. మొదళ్లలో మాగిన పేడ ఎరువు, పట్టుపురుగుల పెంట వేసేది. ఆ రెండూ చౌడేపల్లె నుంచి వచ్చే బస్సులోనే మూటలుగా వచ్చేవి, రిటైరయ్యాక కూడా ఆమె మూటకు అడ్డం చెప్పే డ్రైవరు లేడు. దాని మీద చెనక్కాయ పొట్టు మందంగా పరిచేది. పొద్దున్నే మొదట్లో నీళ్లు పోసి, తరువాత పైపు నోటికి బొటనవేలు అడ్డంపెట్టి ఆకుల అడుగు భాగానికి కొట్టేది. సారం పీల్చే ఎర్రనల్లి పురుగు ఆకుల కిందే కాపురం పెడుతుంది. పైనుంచి చూసి చెట్టు బాగుందనే వాళ్లను ఆమె చూసే చూపు నాకింకా గుర్తుంది.

ఉగాది దాటాక వచ్చే మొగ్గలను విచ్చుకోనిచ్చేది కాదు, తుంచేసేది. చూసినవాళ్లు "అయ్యయ్యో" అనేవాళ్లు. "ఎండన పడి బతికేదే కష్టంగా ఉండాది దానికి. ఇంకా సంకన బిడ్డను కూడా ఎక్కిస్తావా?" అని తిరిగి అడిగేది.

ఈ పనులన్నిటికంటే ముందు, కాఫీ కూడా తాగకముందు, ఆమె చేసే పని ఇంకొకటుంది. అది చెబితే తప్ప తరువాత జరిగింది అర్థం కాదు. మంచి రోజా చెట్టు ఒక చెట్టు కాదు, రెండు. కింద మొండి అడవి రోజా వేరు. దాని కాండానికి పైన మనకు కావలసిన రోజా కన్ను, అంటే చిగురు వచ్చే మొటిమను, తెచ్చి అంటు కడతారు. రెండూ కలిసిన చోట మోకాలి చిప్పలాగా చిన్న బొడిపె ఉంటుంది. వసంతంలో వేరుకు బలం పొంగినప్పుడు, అది పైచెట్టును మోయడం మానేసి, అంటు కింద నుంచి తన సొంత కొమ్మను పంపుతుంది. ఆ కొమ్మ చూడటానికి ఎంతో బాగుంటుంది. నిటారుగా, లేతాకుపచ్చగా, ముళ్లు పెద్దగా లేకుండా, చిన్న చిన్న ఆకులతో రోజుకింత పెరుగుతుంది. దాన్ని వదిలేస్తే వేరులోని సారమంతా తానే తాగేస్తుంది. పైన అంటు కట్టిన రోజా ఆకలితో ఎండిపోతుంది. చెట్టు బతికే ఉందని మనం నీళ్లు పోస్తూనే ఉంటాం, కానీ మనం పెంచుకున్న రోజా ఎప్పుడో పోయి ఉంటుంది.

అలాంటి కొమ్మను మా అత్త "టికెట్టు ల్యాకుండా ఎక్కి కిటికీ కాడ కూర్చున్నోడు" అనేది. మట్టి వేళ్లతో తోడి, అది ఎక్కడ పుట్టిందో చూసి, మొదలంటా పట్టుకుని కిందికి ఒక్క గుంజు గుంజేది. కత్తెరతో కోసేది కాదు. కోస్తే ఒకటి పోయి నాలుగొస్తాయి. గుంజేటప్పుడు బస్సులో అన్నట్టే "దిగు" అనేది.

నేను మొదటిసారి ఆమె దగ్గర పని నేర్చుకోవడానికి పోయినప్పుడు అలాంటి కొమ్మనే చూసి మురిసిపోయాను. "ఇది ఎంత పచ్చగా ఉండాదో సూడత్తా" అన్నాను.

"పచ్చగా ఉంటే సాలదు మే. అంటు పైనుంచి వచ్చిండాదా, కింద నుంచా? ముందు అది సూడు" అంది. చూశాను. నాకు తెలియలేదు. "కండ్లు జాకెట్టు గుడ్డలు సూసేదానికే పెట్టుకోనుండావా?" అంది. ఆమె నాకు నేర్పిన మొదటి పాఠం ఇంత ముద్దుగా మొదలైంది.

నా అంగడికి వచ్చినా అంతే. ఎవరో ఒకామె "రోజా కలర్ బ్లౌజు పీసు ఉండాదా?" అని అడిగింది. మూలన స్టూలు మీద కూర్చున్న మా అత్త "ఏ రోజా?" అంది. ఆమె బిక్కమొహం వేసింది. "పన్నీరు రోజానా, కాశ్మీరు రోజానా, మా కుప్పం సెట్టు రోజానా? ఒక్కోటి ఒక్కో రంగు. కడుపుకు అన్నం తింటాండావు గదా, సరిగా అడుగు." ఆ గిరాకీ మళ్లీ నా అంగడి మెట్లెక్కలేదు. నేను అత్త మీద మండిపడ్డాను. ఆమె "పోతే పోనీలే, ఆమె మొహానికి ఏ రంగూ నప్పదు" అని చాయ్ తెప్పించుకుంది.

ఇంత నోరున్న మనిషికి స్మృతి రాస్తున్నావేమని మీరు అడగొచ్చు. చెబుతాను. నా కాపురం చెడి నేను పుట్టింటికి వచ్చేసిన ఏడాది, మా బంధువులందరూ నన్ను చూడటానికి వచ్చారు. వచ్చిన ప్రతివాళ్లూ "అయ్యో, అయ్యో" అంటూ నా తల నిమిరారు. వాళ్ల ఇళ్లల్లో ఆ వారమంతా నా కథే కూరలోకి తాలింపు. ఎవరు వచ్చిపోయినా నేను ఇంకొంచెం చిన్నదాన్ని అయిపోయేదాన్ని. మా అత్త బస్సు డ్యూటీలో ఉండగా పుంగనూరులో ఆపించి, యూనిఫాంలోనే దిగి, పాత పెయింటు డబ్బాలో నాటిన పన్నీరు రోజా చెట్టు ఒకటి తెచ్చి మా గుమ్మంలో పెట్టింది. నా తల నిమరలేదు. "ఏడ్సేది అయిపోయినాక దీనికి నీళ్లు పోయి. ఏడుస్తా పోయొద్దు, ఎక్కువ పోస్తావు" అంది. బయట డ్రైవరు హారన్ కొడుతున్నాడు. పోయి ఎక్కేసింది. అందరూ నన్ను విరిగిన మనిషిగా చూసిన ఆ రోజుల్లో, నా చేతికి ఒక పని అప్పజెప్పి, చెడగొడతావేమో జాగ్రత్త అన్నది ఆమె ఒక్కతే. నన్ను నిలబెట్టింది ఆ మాటే. జాలిపడిన వాళ్లెవరికీ నేను ఈ రోజుకూ రుణపడలేదు.

ఇక ఆ కుప్పం చెట్టు. కుప్పం బస్టాండు వెనక ఒక ముసలామె ఇంటి ముందు ఉండేదట ఆ రోజా. ముదురు ఎరుపు, పూర్తిగా విచ్చుకున్నాక అంచులు నల్లబడతాయి. వాసనలో కొంచెం లవంగం ఉంటుంది. బస్సు అక్కడ ఆగే కొద్దిసేపట్లో మా అత్త పోయి పోయి ఆ ముసలామెను మంచి చేసుకుంది. అదెలా చేసుకుందో నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. ఒక కొమ్మ అడిగి, తడి కాగితంలో చుట్టి, టికెట్ల సంచి కింద దాచి తెచ్చి, దాని కన్నును తన చేత్తోనే అంటు కట్టింది. అది కొమ్మ నాటితే బతకని రకం. తరువాత ఆ ఇల్లు కొట్టేసి అక్కడ కాంప్లెక్సు లేపారు. దాన్నుంచి మా అత్త అంటు కట్టి ఇచ్చిన చెట్లన్నీ పుచ్చుకున్నవాళ్లు చంపేశారు, పక్కింటామెతో సహా. ఇప్పుడు ఆ రోజా ఎక్కడైనా ఉందంటే మదనపల్లెలో ఆ గోడ పక్కనే.

పోయిన చలికాలం మా అత్త మంచాన పడింది. వదిన కుప్పంలో తన ఇల్లు వదిలి వచ్చి తల్లి దగ్గరే ఉండిపోయింది. ఒళ్లు తుడిచింది, తల దువ్వింది, ముద్దలు చేసి తినిపించింది. వదిన మీద నేను ఎన్ని అన్నా ఆ మాట కాదనను. ఆ చలికాలమంతా తోటలో కత్తెర పట్టినవాళ్లు లేరు. వదిన రోజూ సాయంత్రం ఒక బకెట్టు నీళ్లు ఆకుల మీద కుమ్మరించి వచ్చేదట. సాయంత్రం, అదీ ఆకుల మీద! బూజు తెగులుకు విందు భోజనం పెట్టడం ఇంకెలాగో నాకు తెలియదు.

అత్తను సాగనంపిన మరునాడు వంటింట్లో కూర్చుని వదిన ఈ సంగతి చెప్పింది. పోయే ముందు వారం అత్త అడిగిందట, కుప్పం చెట్టు ఎలా ఉందని. తల్లి సంతోషపడుతుందని వదిన, "భలే ఉండాది మా. మొదట్లో నుంచి ఇంత పొడుగు కొత్త కొమ్మ వచ్చిండాది, పచ్చగా" అందట.

"అంటు పైనుంచా, కింద నుంచా?" అని అత్త అడిగిందట.

"అదంతా నాకేం తెలుసు మా. పచ్చగా ఉండాది, సాలదా?"

"సాలదు" అని అత్త గోడవైపు తిరిగి పడుకుందట.

"అంతే మే" అని వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. "ఆ తరవాత నాతో సరిగ్గా మాట్లాడిందే ల్యా. సలికాలమంతా సేస్తిని గదా. ఒక్కసారి సాలు అంటే ఏం పోయింటాది?"

ఆమె ఏడుస్తుంటే నా మనసు మాత్రం తోటలోకి పరుగెత్తింది. కానీ ఇల్లంతా జనం, పనులు. ఆ సాయంత్రమే నేను పుంగనూరు రావాల్సి వచ్చింది. మళ్లీ పోయింది దివసాల రోజునే, పెద్దకర్మకు.

పోయేసరికి జనమంతా వాకిట్లో లేరు, గోడ పక్కన ఉన్నారు. సందు చేసుకుని లోపలికి పోయాను. కుప్పం చెట్టు మొదట్లో నుంచి నా నడుం ఎత్తున లేతాకుపచ్చ కొమ్మ ఒకటి నిటారుగా లేచి ఉంది. దానికి పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టారు. చెట్టు వేళ్ల మీద కర్పూరం వెలిగించారు. మట్టిలో ఊదుబత్తులు గుచ్చారు. ఎవరో మహాజ్ఞాని టెంకాయ కూడా కొట్టి ఆ నీళ్లు పోశాడు. చుట్టూ ఫోన్లు లేచి ఉన్నాయి.

"పుణ్యాత్మురాలు, సెట్టు రూపంలో మళ్లా వచ్చిండాది" అంటున్నాడు కొక్కెం పెద్దాయన.

"నేను అనుకుంటానే ఉన్న్యా" అంది పక్కింటామె. రోజా సంగతి ఆమె ఏనాడు అనుకుందో ఆ దేవుడికే తెలియాలి.

వదిన ఆ కొమ్మను అరచేత్తో పట్టుకుని, చెంపకు ఆనించుకుని నిలబడి ఉంది. చాలా రోజుల తరువాత ఆమె మొహం తేటగా ఉంది. "అమ్మకు నామీద కోపం ల్యా మే. సూడు, వచ్చిండాది" అంది నాతో.

నేను కూర్చుని పొట్టు తోశాను, మట్టి తోడాను. అంటు బొడిపె కనిపించింది. కొమ్మ దాని కింద నుంచి వచ్చింది, అనుమానం లేదు. పైన మా అత్త కట్టిన రోజా గోధుమ రంగు పుల్లలా నిలబడి ఉంది. గోరుతో గీరి చూశాను. పైన అంతా ఎండిపోయింది. అంటుకు బెత్తెడు ఎత్తులో గీరితే మాత్రం తోలు కింద సన్నటి పచ్చ గీత ఉంది. ఇంకొన్ని రోజులు ఇలాగే వదిలితే అదీ ఉండదు. ఆ రోజా ఇక ఎక్కడా ఉండదు.

"వదినా, ఇది అత్త కాదు" అన్నాను. "అంటు కింద నుంచి వచ్చిండాది. ఇదే అత్త సెట్టును తింటాండాది."

"నోరు ముయ్ మే. దివసాల పూట ఏం మాటలవి?"

"అత్త నిన్ను అడిగింది ఇదే గదా వదినా. పైనుంచా, కింద నుంచా అని."

ఆమె మొహం పాలిపోయింది. పెద్దాయన "తప్పమ్మా, తప్పు, పసుపు పెట్టిన కొమ్మ" అంటున్నాడు. ఫోన్లు నావైపు తిరిగాయి. తిరగనీ. నేను కొమ్మను మొదలంటా పట్టుకున్నాను. నోట్లోంచి దానంతటదే వచ్చింది, "దిగు" అని. ఒక్క గుంజుకు అది చప్పుడు చేస్తూ ఊడి వచ్చింది. పసుపంతా నా చేతికి అంటింది.

"సంపేస్తివే. మా అమ్మను మళ్లా సంపేస్తివే" అని వదిన అక్కడే కూలబడింది.

పక్కింటామె చెంపలు వేసుకుంది. నేను ఆ కొమ్మను పెద్దాయన చేతిలో పెట్టి, "తీసుకోండి, మీ పూజకు పనికొస్తాదేమో. కొక్కెం కూడా అక్కర్లేదు" అన్నాను. ఆ రోజు నాకు ఎవరూ విస్తరి వేయలేదు. ఊదుబత్తులు పీకి, బూడిద తీసేసి, చేతులు కడుక్కుని, ఆకలితోనే బస్సెక్కాను. ఆ జనం అంటే నాకు ఇప్పటికీ లెక్కలేదు. వదిన కూలబడిన తీరు మాత్రం పుంగనూరు దాకా నా వెంటే వచ్చింది.

తరువాత ప్రతి ఆదివారం అంగడి మూసి మదనపల్లె పోయాను. వదిన ఇల్లు సర్దుతూ అక్కడే ఉంది. గేటు తీసేది, మాట్లాడేది కాదు. నేను ఎండిన పైభాగమంతా పచ్చ గీత దాకా కోసేశాను. పేడ ఎరువు వేశాను, చెనక్కాయ పొట్టు పరిచాను, తక్కిన చెట్లకు ఎర్రనల్లి కడిగాను. కుప్పం చెట్టు బెత్తెడు మోడుగా మిగిలింది. పోయిన ప్రతిసారీ అది అలాగే ఉండేది. ఎండ ముదురుతోంది. అది బతకకపోతే ఆ మూర్ఖులందరి మాటా నిజమైపోతుంది. అత్తను రెండోసారి చంపిన దాన్ని నేనే అవుతాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేను భయపడింది దానికే, ఇంకెవరికీ కాదు.

అత్త పోయినందుకు మా ఇళ్లల్లో ఈ ఏడు ఉగాది లేదు. ఆ పండగ దాటిన ఆదివారం నేను పోయేసరికి మధ్యాహ్నం అయింది. బస్సు దారిలో ఆగిపోయింది. గేటు తెరిచే ఉంది. వదిన ఇంట్లో లేదు. గోడ పక్కన, ఎండలో, మా అత్త వాడిన నల్ల గొడుగు పట్టుకుని వదిన గొంతుక్కూర్చుని ఉంది. గొడుగు తన నెత్తిన లేదు, మోడు మీద ఉంది. పక్కన పసుపు గిన్నె ఉంది, మూత తీయలేదు.

"మే, ఇట్ల రా" అంది, తల తిప్పకుండా.

పోయి పక్కన కూర్చున్నాను.

"ఏదో ఎర్రగా ఉండాది. పొద్దున సూసినా. పసుపు పెడదామని తెచ్చుకున్న్యా. నువ్వు తిడతావని పెట్టల్యా. నాకు తెలీడంల్యా. నువ్వే సూసి సెప్పు. అంటు పైనుంచా, కింద నుంచా?"

వంగి చూశాను. వడ్లగింజంత ఉంది, ముదురు ఎరుపు, కొస తడిగా మెరుస్తోంది. వేలితో బొడిపె దొరికించుకుని, అక్కడి నుంచి తోలు మీద పైకి జరిపాను. తప్పు చెప్పకూడదని మళ్లీ ఒకసారి జరిపాను.

"పైనుంచే వదినా."

ఆమె ఇంకా కిందికి వంగి ఆ ఎర్రటి గింజను చూసింది. తరువాత చిన్నపిల్లలా అడిగింది, "ఇంగ సాలునా మే?"

మా అత్త బతికుంటే ఏమనేదో నాకు బాగా తెలుసు. ఎండాకాలం దాటనీ, అప్పుడు సూద్దాం అనేది.

"సాలు వదినా" అన్నాను.

ఆమె గొడుగు దించలేదు. పొద్దు వాలేకొద్దీ ఎండ గోడ మీదుగా జరిగింది. దానితోపాటు గొడుగు జరిగింది, గొడుగుతోపాటు మేమిద్దరమూ గొంతుక్కూర్చునే జరిగాం. నీడ మాత్రం ఆ ఎర్రటి గింజను వదలలేదు.